ఆరో తరగతి హాజరుపట్టీ తియ్యండి!

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. అటువంటి కనుమనాడు పొద్దున్నే నేను గుంటూరులో బస్సెక్కి, తెనాలిలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని మా ఊరు వెళ్ళాను.

"పండగపూట ప్రయాణమేమిటమ్మా?" అన్నారు మా అత్తగారు, గారెలకి పప్పు కడుగుతూ.

"మా హైస్కూలు వాళ్ళం కలుసుకుంటున్నామండీ, ఇన్నేళ్ళకి."

"కలుసుకుని?" అన్నారావిడ.

వెటకారానికి అన్నారో, తెలుసుకుందామనే అన్నారో గాని, ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పటానికే ఇదంతా రాస్తున్నాను.

మాది 1995-96 పదో తరగతి. "పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం" అని బడి గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇవి ఇప్పుడు ఊరూరా జరుగుతున్నాయి కనక నేను వర్ణించక్కర్లేదు. గేటు దగ్గర పన్నీరు, వేదిక మీద కుర్చీలు, మేష్టార్లకి శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం దాకా ఫోటోలు. 1996 జనవరి 18న రామారావుగారు పోయారని బడికి సెలవిచ్చిన రోజు ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో అందరూ ఒకేసారి చెప్పటం మొదలుపెట్టారు. మా ఇంగ్లీషు మేష్టారు చేతికర్ర ఆన్చుకుంటూ వేదిక ఎక్కుతుంటే మీసాలు నెరిసిన మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆ సంతోషం ఉత్తదని నేననను. ఎవరన్నా అంటే ఊరుకోను కూడా.

అసలు సంగతి పరిచయాల దగ్గర మొదలైంది. మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి, "నాకు ఎరువుల కొట్టు", "నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు", "నేను మస్కట్‌లో" అని చెప్పుకున్నారు. తరవాత మా వంతు. "మా వారు విద్యుత్ శాఖలో ఉన్నారు, బాబు కెనడాలో చదువుతున్నాడు" అని కూచుంది మొదటావిడ. "నాదేముంది, ఇంట్లోనే" అని సిగ్గుపడింది రెండో ఆవిడ. ఆవిడ ఇంటి పెరట్లో నలుగురు మనుషుల్ని పెట్టుకుని పచ్చళ్ళ వ్యాపారం చేస్తోందని భోజనాల దగ్గర గాని తెలియలేదు! ఇంతకీ నేనేమన్నాననుకున్నారు? పదకొండు నవలలు రాసినదాన్ని, సభల్లో మైకు దొరికితే వదలనిదాన్ని, "మా వారు బ్యాంకులో చేస్తారండీ, గుంటూరులో ఉంటాం, అమ్మాయి ఇంటర్" అని చెప్పి కూచున్నాను. కూచున్నాక నాలిక కరుచుకున్నాను. కాని చెయ్యి దాటిపోయిన మైకు మళ్ళీ వస్తుందా?

ఆ చిరాకులో చుట్టూ చూశాను. మగవాళ్ళు నలభై ఒక్కరు. ఆడవాళ్ళం ఆరుగురం.

1991 జూన్‌లో ఆరో తరగతిలో చేరినప్పుడు మా హాజరుపట్టీలో ముందు ఆడపిల్లల పేర్లుండేవి, తరవాత మగపిల్లలవి. ఆడపిల్లలం ఇరవై ఆరుగురం. నాది ఇరవై రెండో నంబరు. ఇరవై మంది ఏమైనట్టు?

కార్యక్రమం నడిపించే పెద్దమనిషిని అడిగాను. ఐదేళ్ళు ఒకే గదిలో కూచుని నాతో ఒక్క ముక్క మాట్లాడనివాడు, ఇప్పుడు "మేడమ్" అంటున్నాడు.

"లేడీస్ రారండీ మేడమ్. ఎంత పిలిచినా ఏదో ఒక సాకు. పండగ అంటారు, పని అంటారు."

పండగ అనరూ మరి! కనుమనాడు మినుము తినాలని శాస్త్రం. ఆ మినుము నానబోసి, రుబ్బి, గారెలు వండి, వచ్చిన అల్లుళ్ళకీ ఆడపడుచులకీ వడ్డించేది ఎవరు? మగవాళ్ళందరికీ తీరికైన రోజు చూసి ముహూర్తం పెట్టారు. ఆ రోజు ఆడదానికి ఊపిరి సలపని రోజని ఏ ఒక్కరికీ తట్టలేదు. నేను వచ్చానంటే మా అత్తగారు పప్పు కడిగారు కనక వచ్చాను. ఏ ఇంట్లో అయినా ఒక ఆడది గడప దాటాలంటే ఇంకో ఆడది పొయ్యి దగ్గర నిలబడాలి. ఇదీ లెక్క.

"సరే, ఇరవై మూడో నంబరుకి కబురు పెట్టారా?" అన్నాను.

"ఎవరండీ?"

చెప్పాను. (ఇక్కడ పేరు రాయటం లేదు. ఆమె పేరు ఆమెది, నన్ను రాయమని చెప్పలేదు.) ఎనిమిదో తరగతిలో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల, 1994 ఎండాకాలం సెలవుల్లో పెళ్ళయిపోయిన పిల్ల.

ఆయన కాసేపు ఆలోచించి, "ఓ, ఆవిడా! ఆవిడ మన బ్యాచ్ కాదుగా మేడమ్, పదో తరగతి రాయలేదుగా" అన్నాడు.

ఆ మాటలో కుళ్ళు లేదు, కుట్ర లేదు. పాపం, చాలా మామూలుగా అన్నాడు. నాకు కడుపులో దేవింది అందుకే.

ఎందుకంటే, ఆ మాట అంటున్నప్పుడు మా పక్కనే సౌండ్ బాక్సుల దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఎనిమిదిలో తప్పి బడి మానేసిన మనిషి. ఆయనా పదో తరగతి రాయలేదు! కాని ఆయన మెడలో కండువా ఉంది, ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో ఉంది. "వాడు లేకపోతే బ్యాచేమిటండీ" అని భుజం మీద చెయ్యేసి మరీ చెప్పారు. మంచిదే. ఉండాల్సిందే. తప్పినవాడు బ్యాచ్ అయినప్పుడు, నూటికి నూరు తెచ్చుకున్నది ఎందుకు కాదు? వాడు ఊళ్ళో ఉన్నాడు, ఆమెని ఊరు దాటించేశారు. అంతే కదా తేడా?

ఇంకో మాట. ఆడపిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండాలని 1978లో చట్టం సవరించారు. అంతకు ముందు 1929 నాటి శారదా చట్టం పద్నాలుగు అంది, 1949లో పదిహేనన్నారు. 1994లో మా ఇరవై మూడో నంబరు పీటల మీద కూచునేనాటికి ఆ సవరణకి పదహారేళ్ళు, పెళ్ళికూతురికి పద్నాలుగేళ్ళు. పెళ్ళికూతురికన్నా చట్టమే పెద్దది! ఆ పెళ్ళి భోజనానికి మా మేష్టార్లు కూడా వెళ్ళారు. నేనూ వెళ్ళాను. అరిసెలు బాగున్నాయని ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను కూడా.

ఆమె ఒక్కతే కాదు. 1998-99లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళని తేలింది. అంటే మా అక్కల వయసువాళ్ళు, మా వయసువాళ్ళు. పదో తరగతి జాబితా పట్టుకుని "మన బ్యాచ్" అంటే, చదువు మాన్పించిన ఆ పిల్లలందరినీ రెండోసారి బళ్ళోంచి పంపించేసినట్టే. మొదటిసారి పంపింది తల్లిదండ్రులు. ఈ రెండోసారి పంపుతున్నది మనం.

బి.ఏ.లో మాకు సంస్కృత నాటకాల గురించి చెప్పేటప్పుడు నేను గమనించని సంగతి ఒకటి ఇప్పుడు గుర్తొస్తోంది. కాళిదాసు శకుంతలకి ఇద్దరు నెచ్చెలులు, అనసూయ, ప్రియంవద. చెట్లకి నీళ్ళు పోసినా, ప్రేమలేఖ రాసినా ముగ్గురూ ఒకటే ప్రాణం. నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయల్దేరుతూ, వీళ్ళూ నాతో రారా అన్నట్టు చూస్తుంది. అప్పుడు కణ్వుడేమంటాడు? వీళ్ళకీ పెళ్ళిళ్ళు చెయ్యాలి, అక్కడికి రావటం తగదంటాడు. అంతే! ఆ తరవాత ఆ ఇద్దరూ నాటకంలో కనిపించరు. దుష్యంతుడి స్నేహితుడు విదూషకుడు మాత్రం ఆరో అంకంలో కూడా రాజుగారి పక్కనే ఉంటాడు. మగవాడి స్నేహం మేనా వెంట వస్తుంది, ఆడదాని స్నేహం పొలిమేర దగ్గర ఆగిపోతుంది. అంత పెద్ద కవి కూడా ఇది వింతగా అనుకోలేదు. మనమూ అనుకోవటం లేదు.

ఇలా అంటే వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు.

"వెతకటం కష్టమండీ, ఇంటిపేర్లు మారిపోతాయి" అంటారు. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. అయినా మారుస్తాం, అదొక అలవాటు. సరే, మారింది. అయితే మాత్రం? మా వాళ్ళు డ్రిల్లు మేష్టార్ని అనంతపురంలో మనవడి ఇంట్లో పట్టుకున్నారు. మస్కట్‌లో ఉన్నవాణ్ణి టిక్కెట్టు కొనిపించి రప్పించారు. రేపల్లె వైపు, మా బడికి ముప్ఫై కిలోమీటర్ల లోపు ఊళ్ళో ఉన్న మనిషి దొరకలేదంటే, వెతకలేదని అర్థం.

"మొగుళ్ళు ఒప్పుకోరండీ" అంటారు కొందరు. 2020లో "జాను" సినిమా వచ్చాక ఈ బెంగ మరీ ఎక్కువైంది. బడి స్నేహితుల సమ్మేళనంలో పాత ప్రేమికులు కలుసుకునే కథ కదా! ఆ సినిమాలో ఆ ఇద్దరూ రాత్రంతా కబుర్లు చెప్పుకుని మర్యాదగా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. 2004లో "నా ఆటోగ్రాఫ్" వచ్చింది. అందులో కథానాయకుడు పెళ్ళి శుభలేఖలు పంచుతూ, పాత ప్రేమలన్నిటినీ పలకరించి వస్తాడు. చూసి అందరూ కళ్ళొత్తుకున్నారు. అదే పని ఓ ఆడపిల్ల చేస్తే? మగవాడు చేస్తే సినిమా, ఆడది చేస్తే పంచాయితీ! అయినా నేనడిగేది మగ స్నేహితుల్ని గురించి కాదు మహాప్రభో. పక్కన కూచున్న ఆడపిల్లని గురించి. దానిక్కూడా అనుమానమేనా?

మూడో ఆక్షేపణ మన ఆడవాళ్ళదే. "అంత పెద్దవాళ్ళ మధ్యకి పిలిస్తే పాపం ఆవిడే చిన్నబుచ్చుకుంటుంది" అని. ఇది దయలా కనిపిస్తుంది గాని దయ కాదు. కుచేలుడు చిరిగిన పంచతో వెళితే కృష్ణుడు కాళ్ళు కడిగాడు. ద్రోణుడు వెళితే ద్రుపదుడు, సమానులకి గాని స్నేహమేమిటన్నాడు. ఇద్దరివీ ఒకే గురువు దగ్గర చదువుకున్న స్నేహాలే. చిన్నబుచ్చుకోవటం వచ్చినవాళ్ళ చేతిలో లేదు, పిలిచినవాళ్ళ చేతిలో ఉంది.

ఇంతవరకూ మగవాళ్ళని అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి. పెళ్ళినాడు దాని చెయ్యి పట్టుకుని, "ఉత్తరం రాస్తానే" అన్నాను. రాయలేదు. పద్నాలుగేళ్ళ పిల్లని, ఏం రాస్తాను? సరే. ఇరవై ఏళ్ళప్పుడు? ముప్ఫై ఏళ్ళప్పుడు? పాఠకులు రాసిన ఉత్తరాలన్నిటికీ జవాబులు రాసినదాన్ని, దానికి ఒక్క ఇన్లాండు లెటరు రాయలేకపోయాను.

ఆ సాయంత్రం ఫోటోలకి నిలబడకుండా, వాళ్ళ తమ్ముడి కిరాణా కొట్టుకి వెళ్ళాను.

"మా అక్కతో మీకేం పనండీ?" అన్నాడతను.

"కలిసి చదువుకున్నాం."

"మా అక్క చదువుకుందా?"

అక్క పెళ్ళినాటికి వాడు చంకబిడ్డ. వాడికెవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల మూడేళ్ళు హైస్కూలుకి వెళ్ళిందని, లెక్కల్లో బడికంతా మొదట వచ్చిందని వాడికి తెలియదు! నా పదో తరగతి మెమో మీద నా పుట్టుమచ్చలు కూడా రాసి ఉన్నాయి. తనకి మెమో లేదు. తను చదువుకుందనటానికి ఈ లోకంలో మిగిలిన కాగితం మా బడి అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క వరస.

మర్నాడు వెళ్ళాను. వాకిట్లో మిరపకాయలు తిరగేస్తోంది. చేటంత మొహం చేసుకుని నిలబడ్డాను, గుర్తుపడుతుందో లేదోనని. కళ్ళు చిట్లించి చూసి, "ఇరవై రెండూ, నువ్వటే!" అంది.

ఏడుపులేమీ జరగలేదు. నేననుకున్నట్టు దీనంగా కూడా లేదు. ఆడపిల్లలిద్దర్నీ డిగ్రీ చదివించింది. పెద్దపిల్లకి ఇరవై నాలుగు దాటేదాకా పెళ్ళి మాట ఎత్తనివ్వలేదట. డ్వాక్రా సంఘానికి రెండో లీడరు. "పుస్తకాలన్నీ నేనే రాస్తా. బ్యాంకువాళ్ళు ఒకసారి వడ్డీ తప్పు కడితే నేనే పట్టుకున్నా" అని నవ్వింది. ఇక కబుర్లు! ఎవరెవరు ఏమయ్యారో ఒక్కొక్కర్నీ నంబరు వారీగా అడిగింది. లెక్కల మేష్టారు పోయారని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. మా ఆయన ఏం చేస్తారని మాత్రం అడగలేదు.

"నువ్వేం చేస్తున్నావే?" అంది.

రెండు రోజుల్లో నన్నామాట అడిగింది అదొక్కతే. కథలు, నవలలు రాస్తానని చెప్పాను.

"అయితే అందులో నేనున్నానా?"

పదకొండు నవలలు మనసులో తిరగేసుకున్నాను. డాక్టరమ్మలున్నారు, లెక్చరర్లున్నారు, అమెరికా కోడళ్ళున్నారు. అది లేదు. నేనేమీ అనలేదు. అదే లేచి, "టీ తాగుతావా, మజ్జిగ తాగుతావా?" అంది.

అందుకని చెబుతున్నాను. ఈసారి మీ ఊళ్ళో సమ్మేళనం పెడితే పదో తరగతి జాబితా ముట్టుకోకండి. ఆరో తరగతి హాజరుపట్టీ తియ్యండి. అది దొరక్కపోతే బడి ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది, అడగండి. ఏడులో మానేసినవాళ్ళని, ఎనిమిదిలో మెడలు వంచినవాళ్ళని, తమ్ముణ్ణి ఎత్తుకోవటానికి ఇంట్లో ఉండిపోయినవాళ్ళని, అందరినీ పిలవండి. ఆ పని మగవాళ్ళకి వదలొద్దు, వాళ్ళకి పాత ఇంటిపేరు తప్ప ఇంకేమీ తెలియదు. ఏ పిల్లని ఏ ఊరిచ్చారో, ఎవరి పిన్ని కూతురి తోటికోడలో మనకి గాని తెలియదు. పండగపూట పెడతామంటే ససేమిరా అనండి. పరిచయాలప్పుడు మొగుడి ఉద్యోగం చెప్పుకోకండి, నాలాగా నాలిక కరుచుకోవాల్సొస్తుంది. ఎవరైనా "నాదేముంది" అంటే, ఉన్నదేమిటో చెప్పేదాకా కూచోనివ్వకండి.

ఇదంతా గడిచిపోయిన కథే కదా అంటారేమో. 2019-21లో అదే సర్వే మళ్ళీ చేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మంది పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళే. అంటే మన పిల్లల వయసువాళ్ళ హాజరుపట్టీల్లో కూడా ఇరవై మూడో నంబర్లు ఉన్నాయి. ఆ బెంచీ ఖాళీ అయిన రోజున మా మేష్టార్లూ అడగలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు మన పిల్లలు, "అమ్మా, మా క్లాసులో ఫలానా అమ్మాయి రావటం లేదు" అంటే, "నీకెందుకు, చదువుకో" అనకండి. ఎందుకు రావటం లేదో కనుక్కోండి. పాతవాళ్ళని వెతకటం నేర్చుకుంటే గాని కొత్తవాళ్ళు తప్పిపోకుండా చూడటం మనకి రాదు.

ఇంటికి రాగానే మా అత్తగారికి ఇదంతా చెప్పాను. "కలుసుకుని?" అన్నందుకు కాస్త గట్టిగానే చెప్పాను. ఆవిడ విని, గారెలు నా ముందు పెట్టి, చాలాసేపటికి అన్నారు:

"నేను అయిదో తరగతి దాకా వెళ్ళానమ్మా. నా పక్కన ఒక పిల్ల కూచునేది. అమృతలూరు ఇచ్చారు. ఉందో లేదో."

వచ్చే ఆదివారం మేమిద్దరం అమృతలూరు వెళుతున్నాం. వంట సంగతి మా వారు చూసుకుంటారట.

మరి మీరు ఏ ఊరు వెళుతున్నారు?